ఉప్పు చల్లే ఊళ్లలో కారు కొనేవారు ముందు దాని కింద చూడాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా జూన్, జులై నెలల్లో అమెరికాకు చదువుల కోసం బయలుదేరే పిల్లలకు మన తెలుగు పత్రికలు జాగ్రత్తల పట్టికలు అచ్చు వేస్తుంటాయి. ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని కూడా నేను ఆసాంతం చదివాను. వీసా కాగితాల జిరాక్సులు మొదలుకొని ఆవకాయ సీసాను ఎన్ని పొరల ప్లాస్టిక్‌లో చుట్టాలన్నదాకా అందులో లేని సంగతి లేదు. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘పాత కారు కొనుక్కోవచ్చు, ఇన్సూరెన్స్ తప్పనిసరి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. టెక్సాస్‌కో కాలిఫోర్నియాకో వెళ్లే విద్యార్థికి ఆ వాక్యం సరిపోతుందేమో గాని, మిషిగన్, ఒహాయో, ఇల్లినాయ్, న్యూయార్క్ వంటి చలి రాష్ట్రాలకు వచ్చేవారికి ఎంతమాత్రం సరిపోదు. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కారును పైనుంచి కాదు, కింది నుంచి తినుకుంటూ వస్తుంది. అందువల్ల పాత కారు కొనే పిల్లవాడు ఇంజన్ చప్పుడు వినకముందే, ఎన్ని మైళ్లు తిరిగిందో చూడకముందే, నేల మీద పడుకుని టార్చిలైటుతో ఆ కారు అడుగు భాగం చూసుకోవాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. కొన్న తరవాత దాన్ని తుప్పు నుంచి ఎలా కాపాడుకోవాలో కూడా నా అనుభవంలో తెలిసినంత మేరకు రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది శ్రీకాకుళం జిల్లాలో, నౌపడ ఉప్పు మడులకు కూతవేటు దూరంలో. ఉప్పు ఇనుమును ఏం చేస్తుందో మా వైపు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. మా ఇంటి కిటికీ చువ్వలు పైన బొటనవేలంత లావుగా ఉండి, వాన నీళ్లు నిలిచే అడుగు భాగంలో పెన్సిలంత సన్నబడిపోయాయి. మా నాన్నగారు సైకిలు గొలుసుకు ఆదివారం ఆదివారం ఆముదం పట్టించేవారు. ఒక్క వారం మరిచిపోతే మరుసటి సోమవారం అది కిర్రుమంటూ ఆ సంగతి గుర్తు చేసేది. 1998లో ఉద్యోగరీత్యా డెట్రాయిట్ శివారుకు వచ్చినప్పుడు, ఇక్కడ చుట్టూ ఉన్నవి మంచినీటి సరస్సులే గనుక, సముద్రం రోడ్డు మార్గాన దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంది గనుక, ఇక ఆ బెడద తీరిపోయిందని అనుకున్నాను. తీరా చూస్తే ఉప్పు ఊరి కిందనే ఉంది. డెట్రాయిట్ నగరం అడుగున దాదాపు 1,200 అడుగుల లోతులో పెద్ద ఉప్పు గని ఒకటి ఉంది. 1906లో దాన్ని తవ్వడం మొదలుపెట్టి 1910లో లోపలికి దిగే బావిని పూర్తి చేశారు. లోపల దాదాపు 1,500 ఎకరాల మేర, మొత్తం కలిపితే 100 మైళ్ల పొడవున దారులు ఉన్నాయి. మా వైపు ఉప్పును పండిస్తారు, ఇక్కడ తవ్వుతారు. అక్కడ అది కూరలోకి వెళుతుంది, ఇక్కడ రోడ్డు మీదికి వస్తుంది. అమెరికాలో రోడ్ల మీద ఏటా చల్లే ఉప్పు సుమారు 2 కోట్ల టన్నులు.

ఉప్పు చల్లడం తప్పని నేను అనను. చలికాలంలో ఇక్కడి రోడ్డు మీద ఏర్పడే మంచు పలక అద్దం కన్నా నున్నగా ఉంటుంది. దాని మీద ఉప్పు వేయని రోజున కార్లు బొంగరాల్లా తిరగడం నేను కళ్లారా చూశాను. మామూలు నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడితే, బాగా చిక్కగా ఉప్పు కలిపిన నీరు మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా ఉండగలదు. వాడుకలో మాత్రం మైనస్ 9 డిగ్రీల కన్నా చలి ముదిరితే మామూలు ఉప్పు పని బాగా మందగిస్తుంది. అప్పుడు కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ వంటి మరింత ఘాటైన లవణాలు కలుపుతారు. మంచు పడబోతోందని తెలిస్తే ముందు రోజే ఉప్పు నీళ్లను రోడ్డు మీద చారలు చారలుగా పోసి ఆరబెడతారు. కొత్తగా వచ్చినవారు ఆ తెల్లటి గీతలను చూసి ముగ్గు వేసినట్టుందని నవ్వుకుంటారు. ఆ ఉప్పు నీళ్లు రోడ్డుకు అంటుకుని ఉండడానికి కొన్నిచోట్ల బీట్ దుంపల రసం కూడా కలుపుతారు. రోడ్డుకు అంటుకునేది కారుకు కూడా అంటుకుంటుందని వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ మనవాళ్లలో బలంగా పాతుకుపోయిన అపోహ ఒకటుంది. గడ్డకట్టే చలిలో కారు బయట ఉంటే పాడవుతుందని, వెచ్చటి గ్యారేజీలో పెడితే క్షేమమని చాలామంది నమ్ముతారు. బ్యాటరీ విషయంలో అది నిజమే కావచ్చు గాని, తుప్పు విషయంలో తలకిందుల మాట. తుప్పు పట్టడానికి ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు కావాలి. ఆ నీటిలో ఉప్పు కరిగి ఉంటే విద్యుత్తు సులువుగా పారి తుప్పు వేగం పెరుగుతుంది. మైనస్ 15 డిగ్రీల చలిలో కారు అడుగున అంటుకున్న ఉప్పు మంచు చాలావరకు రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. ఆ స్థితిలో తుప్పు కదలిక చాలా తక్కువ. అదే కారును సాయంత్రం వేడి చేసిన గ్యారేజీలో పెట్టారనుకోండి, ఆ మంచు కరిగి అతుకుల సందుల్లోకి, బోల్టుల కిందికి చేరి రాత్రంతా నిదానంగా తన పని తాను చేసుకుంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇటువంటి రసాయన చర్యల వేగం సుమారుగా రెట్టింపవుతుందన్నది కళాశాలలో మనం చదువుకున్న పాఠమే. అందుచేత ఇక్కడ కారుకు చేటు కాలం నడి జనవరి కాదు. మంచు కరుగుతూ రోడ్లన్నీ ఉప్పు బురదగా ఉండే ఫిబ్రవరి చివర, మార్చి నెలలు. ఆ తరవాత కూడా కడగకుండా వదిలేస్తే వసంతం, వేసవి.

వేసవి అనడానికి కారణం ఉంది. వానాకాలంలో మన వంటింట్లో ఉప్పు జాడీ ఎలా చెమ్మగిల్లుతుందో అందరికీ తెలుసు. గాలిలో తేమ 75 శాతం దాటితే పొడి ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుని కరుగుతుంది. మెగ్నీషియం, కాల్షియం క్లోరైడులకు అంత తేమ కూడా అక్కరలేదు. 30 శాతం చిల్లర తేమ ఉంటే చాలు. అంటే ఏప్రిల్‌లో కారు పైన మాత్రమే కడిగి, అడుగున ఉప్పు పొరను అలాగే వదిలేసినవారి కారు, వాన పడని రోజున కూడా ఉప్పు నీటిలో నానుతూనే ఉంటుంది. మంచు పోయింది గదా, గండం గడిచింది గదా అని మనం హాయిగా ఉంటాము. రేకు మాత్రం హాయిగా ఉండదు.

నేనే ఈ తప్పు చేసి నేర్చుకున్నాను గనుక ఆ సంగతి కొంత వివరంగా చెబుతాను. 2009 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ నాలుగు రోడ్ల కూడలి దగ్గర బ్రేకు నొక్కాను. కాలి కింద మొదట ఏదో పుటుక్కుమన్నట్టయింది, ఆ తరవాత పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. కార్లలో బ్రేకు ద్రవానికి రెండు వేర్వేరు మార్గాలు ఉంటాయి గనుక, ఒకటి తెగినా రెండోది కొంత పట్టి, కారు కూడలి మధ్యలో కాక పక్కనున్న మంచు గుట్టలో ఒదిగి ఆగింది. దిగి చూస్తే తెల్లటి మంచు మీద వెనుక చక్రం దగ్గర నుంచి తేనె రంగు చుక్కలు వరసగా పడి ఉన్నాయి. మరునాడు మెకానిక్ కారును లిఫ్టు మీదికి ఎత్తి, పెట్రోలు ట్యాంకు పైన ప్లాస్టిక్ క్లిప్పు పట్టి ఉంచిన చోట బ్రేకు పైపును చూపించాడు. ఆ క్లిప్పు వెనుక ఉప్పు మట్టి చేరి ఏళ్ల తరబడి తడిగా ఉండిపోయింది. ఆయన రెండు వేళ్లతో పట్టుకుని వంచగానే ఆ ఉక్కు పైపు ఎండిన చిక్కుడు తీగలా పుటుక్కున విరిగింది. దానికి సరిగ్గా నెల ముందు వేరొక షెడ్డులో ఆయిల్ మార్పించినప్పుడు ‘అంతా బాగుంది’ అని రాసిచ్చిన రసీదు నా దగ్గర ఉంది. వాళ్లను అని ప్రయోజనం లేదు, వాళ్లు చూసింది చక్రాల దగ్గరి బ్రేకు ప్యాడ్లను. నన్ను నేను అనుకోవలసిన మాటే ఎక్కువ. ఆ కారుకు నెలకొకసారి పైన మైనం పూసి తళతళలాడించేవాణ్ని. ఎవరైనా చూసి ‘పదేళ్ల కారులా లేదండీ’ అంటే పొంగిపోయేవాణ్ని. కిందికి ఒక్కసారి కూడా వంగి చూడలేదు.

ఇది నా ఒక్కడి దురదృష్టం కాదని తరవాత తెలిసింది. జనరల్ మోటార్స్ వారి 1999 నుంచి 2003 దాకా వచ్చిన సుమారు 50 లక్షల పికప్ ట్రక్కులు, ఎస్‌యూవీలలో బ్రేకు పైపులు తుప్పు పట్టి తెగుతున్నాయన్న ఫిర్యాదుల మీద అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ ఏళ్ల తరబడి విచారణ జరిపి, 2015 ఏప్రిల్‌లో ముగించింది. ఇది తయారీ లోపం కాదని, ఉప్పు చల్లే రాష్ట్రాలలో వయసు మీద పడిన బండ్లకు వచ్చే అరుగుదల అని తేల్చింది. దానితోపాటే 2007, అంతకు ముందరి మోడల్ బండ్లు ఉన్నవారందరూ బ్రేకు పైపులను తనిఖీ చేయించుకోవాలని, చలికాలంలో బండి అడుగు భాగాన్ని తరచూ కడగాలని సలహా ప్రకటించింది. ఆ సలహాలో ఫలానా కంపెనీ అన్న తేడా లేదు. మనవాళ్లలో ‘జపాన్ కారు అయితే భయం లేదు’ అన్న ధీమా ఒకటుంది గదా, దానికి కూడా 2016లో సమాధానం దొరికింది. ఛాసిస్ తుప్పు పట్టి చిల్లులు పడుతోందని యజమానులు వేసిన దావాలో టొయోటా సంస్థ సుమారు 15 లక్షల ట్రక్కులు, ఎస్‌యూవీలకు సంబంధించి 340 కోట్ల డాలర్ల దాకా ఖర్చయ్యే రాజీకి ఒప్పుకుంది, తప్పు తనదని మాత్రం ఒప్పుకోలేదు. ఇంజన్ మూడు లక్షల మైళ్లు తిరగగల బండి కూడా, దాన్ని మోసే ఉక్కు చట్రం కుళ్లిపోతే తుక్కు కిందనే లెక్క.

కొత్తగా వచ్చిన విద్యార్థికి ఇక్కడ చట్టం కూడా పెద్దగా అండగా లేదు. పెన్సిల్వేనియా, న్యూయార్క్ వంటి రాష్ట్రాలలో ఏడాదికొకసారి బండిని భద్రతా తనిఖీ చేయించాలి. మిషిగన్‌లో అటువంటి నియమం లేదు. వ్యక్తి నుంచి వ్యక్తికి జరిగే అమ్మకాలలో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని ఒక మాట రాసుకుంటారు. ఆ మాట కింద సంతకం పెట్టాక మరునాడు చట్రం విరిగినా అడిగే దిక్కు ఉండదు. మన పిల్లలు చేసే పని ఏమిటంటే, నలుగురు స్నేహితులు కలిసి రాత్రి ఎనిమిది గంటలకు ఏదో ఒక పార్కింగ్ స్థలంలో కారు చూడడానికి వెళతారు. ఏసీ పని చేస్తోందా, ఫోను బ్లూటూత్‌కు కలుస్తోందా, సీట్లు చిరిగాయా అని చూస్తారు, ఒక చుట్టు తిప్పి బేరమాడి 200 డాలర్లు తగ్గించి సంబరపడతారు. చీకట్లో, అందునా మంచు మీద, కింద ఏముందో చూసే ఓపిక ఎవరికుంటుంది? 

చూడవలసిన పద్ధతి కష్టమైనదేమీ కాదు. పగటి పూట వెళ్లాలి. పాత అట్టపెట్టెను విప్పి నేల మీద పరచుకుని, టార్చి పట్టుకుని పక్క నుంచి కింద చూడాలి. కారును జాకీ మీద ఎత్తి దాని కింద దూరే సాహసం ఎవరూ చేయవద్దు. తుప్పు పట్టిన బండికి జాకీ ఆనించే చోటే ముందుగా కూలుతుంది. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా పొడవుగా డొల్ల పెట్టె లాంటి రేకు ఉంటుంది, దాన్ని ఇక్కడి మెకానిక్కులు రాకర్ ప్యానెల్ అంటారు. ఆ డొల్లలో చేరిన ఉప్పు నీరు లోపలి నుంచి తింటుంది గనుక, బయట రంగు మీద చిన్న బుడగ కనిపించేసరికే లోపల రేకు కాగితమై ఉంటుంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే గట్టి రేకు కదలదు. కుళ్లిన రేకు అప్పడంలా కరకరమంటుంది. ఇనుము పోయిన చోట పుట్టీ పెట్టి రంగు వేసి ఉంటే, ఫ్రిజ్జు మీద అంటించే చిన్న అయస్కాంతం పట్టి చూస్తే ఆ చోట అది అతుక్కోదు. ఆ తరవాత వెనుక చక్రాల చుట్టూ ఉండే వంపు, వెనుక చక్రాలను మోసే సబ్‌ఫ్రేమ్, స్ప్రింగులు కూర్చునే గిన్నెలు, బ్రేకు పైపులు, పెట్రోలు పైపులు చూడాలి.

అయితే కనిపించిన ఎర్ర మచ్చనల్లా చూసి బెదరనక్కరలేదు. సైలెన్సరు మీద, చక్రాల మధ్య భాగం మీద, లావు ఇనుప భాగాల మీద పైపైన ఉండే ఎరుపు ఇక్కడ రెండేళ్ల కారుకు కూడా ఉంటుంది. ఇనుము తుప్పుగా మారితే అంతకు రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల అతుకుల దగ్గర రేకులు ఉబ్బి విడిపోవడం, పొరలు పొరలుగా లేచి చేత్తో తీస్తే పెచ్చులుగా ఊడి రావడం కనిపిస్తే అది పైపై తుప్పు కాదని అర్థం. అన్నిటికన్నా నాకు అనుమానం కలిగించేది, పన్నెండేళ్ల కారు అడుగంతా కొత్తగా నల్లరంగు పూసి నిగనిగలాడుతుండడం. ముసలాయన జుట్టుకు రంగు వేసుకుంటే ఎవరికీ నష్టం లేదు గాని, అమ్మకానికి పెట్టిన కారు అడుగున రాత్రికి రాత్రి రంగు పూశారంటే దాని కింద ఏదో దాచారనే అనుకోవాలి. చూసేదాంట్లో తేడా పోల్చుకోలేని పిల్లలు నూరో నూట యాభయ్యో డాలర్లు పోతే పోయాయని, అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్ చేత లిఫ్టు మీద చూపించడం మేలు. ఆ కారు అంతకుముందు ఏయే రాష్ట్రాలలో నమోదైందో చెప్పే చరిత్ర నివేదిక కూడా తీయించుకోవచ్చు. జార్జియాలోనో టెక్సాస్‌లోనో పదేళ్లు తిరిగిన కారుకు ఇక్కడ మూడేళ్లు తిరిగిన కారుకున్నంత తుప్పు కూడా సాధారణంగా ఉండదు.

ఇక మంచి కారే దొరికిందనుకుందాము. దాన్ని నిలబెట్టుకోవడానికి నా అనుభవంలో పనికి వచ్చింది మా నాన్నగారి ఆముదం పద్ధతే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, ఇంకా ఎండ కాసే పొడి రోజున, కారు అడుగు భాగమంతటికీ, డొల్ల భాగాల లోపలికీ జిడ్డుగా ఉండే నూనెను కొట్టించాలి. ఈ పని చేసే దుకాణాలు ఇక్కడా, పక్కనే ఉన్న కెనడాలోనూ ఉన్నాయి. స్వయంగా చేసుకోదలచినవారికి గొర్రె ఉన్ని నుంచి తీసిన లానోలిన్ జిడ్డు డబ్బాలలో దొరుకుతుంది. అది ఆరి గట్టిపడదు, సందుల్లోకి పాకుతుంది, నీటిని రేకు దగ్గరికి రానివ్వదు. ఏడాదికల్లా కొట్టుకుపోతుంది గనుక ఏటా కొట్టించవలసిందే. నాకు ఏడాదికి సుమారు 150 డాలర్లు అవుతోంది. కొట్టించిన రెండు మూడు రోజులు కారు కింద నూనె చుక్కలు పడుతుంటాయి; అపార్టుమెంటు వారు గొడవ చేయకుండా కింద అట్ట పరచాలి. లానోలిన్ వాసన గురించి మా ఆవిడ ఏటా అదే మాట అంటుంది, గొర్రెల మందలో కూర్చుని గుడికి వెళ్లినట్టుందని. బ్రేకు డిస్కుల మీద, ప్యాడ్ల మీద, వేడెక్కే సైలెన్సరు గొట్టాల మీద, బెల్టుల మీద ఆ నూనె పడకుండా జాగ్రత్త పడాలి.

దీనికి బదులు చాలామంది చేయించేది, మన దేశంలో కూడా షోరూముల వారు అంటగట్టే, తారులా రబ్బరులా గట్టిపడే అండర్ కోటింగ్. తుప్పు అసలే లేని సరికొత్త రేకు మీద శుభ్రంగా వేస్తే దానికి కొంత విలువ ఉంది. నాలుగు చలికాలాలు చూసిన కారు మీద వేస్తే మాత్రం, లోపల ఉన్న ఉప్పునూ తడినీ మూతపెట్టి భద్రం చేసినట్టే. కొన్నాళ్లకు అది ఎక్కడో నెర్రె విచ్చుతుంది, ఆ నెర్రెలోంచి ఉప్పు నీరు లోపలికి పోయి బయటికి రాలేదు, చూసేవారికి పైన నల్లగా నున్నగా కనిపిస్తూనే ఉంటుంది. ఇంకొందరు బ్యాటరీకి తగిలించే చిన్న పెట్టె ఒకటి కొని, అది విద్యుత్తుతో తుప్పును ఆపుతుందని నమ్ముతారు. ఓడల అడుగుకూ భూమిలో పూడ్చిన గొట్టాలకూ విద్యుత్తుతో తుప్పును ఆపే విద్య నిజమే. ఓడ నీటిలో, గొట్టం తడి మట్టిలో నిరంతరం మునిగి ఉంటాయి గనుక ఆ కరెంటుకు తిరిగి వచ్చే దారి ఉంటుంది. గాలిలో తిరిగే కారుకు ఆ దారి లేదు. అటువంటి పరికరాన్ని అమ్మిన ఒక సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1990ల నడుమ చర్య కూడా తీసుకుంది. అయినా ఆ సరుకు ఇంకా అమ్ముడుపోతూనే ఉంది.

చలికాలం పొడవునా చేయవలసింది కడగడం. ఉప్పు చల్లిన రోజులలో పది, పదిహేను రోజులకొకసారి, ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు దాటిన పూట చూసుకుని, కింది నుంచి నీళ్లు చిమ్మే ఏర్పాటున్న కార్ వాష్‌కు వెళ్లాలి. పైపైన నురుగు పోసి పంపే చౌక రకం వల్ల ఫోటోలు బాగా వస్తాయి, అంతే. కడిగిన వెంటనే తలుపుల చుట్టూ ఉండే రబ్బరును గుడ్డతో తుడవకపోతే మరునాటి ఉదయం తలుపు గడ్డకట్టి రాదు, ఇది కొత్తవారందరికీ ఒక్కసారైనా జరిగే ముచ్చటే. తలుపుల అడుగు అంచున, రాకర్ ప్యానెల్ అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అవి ఆకులతో, మట్టితో పూడిపోతే లోపల నీరు నిలిచిపోతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న కొబ్బరి చీపురు పుల్ల ఒకటి ఆ రంధ్రాలకు సరిగ్గా సరిపోతుంది. బూట్లకు అంటుకుని లోపలికి వచ్చే ఉప్పు మంచు తివాచీ కిందికి ఇంకి నేల రేకునూ, వైర్ల అతుకులనూ తినకుండా, అంచులు ఎత్తుగా ఉన్న రబ్బరు చాపలు వేసుకుని, నిండిన నీళ్లను బయట పారబోస్తుండాలి. ఏప్రిల్‌లో ఆఖరి మంచు పోయి, ఒకటి రెండు పెద్ద వానలకు రోడ్డు మీది ఉప్పు కొట్టుకుపోయాక, పచ్చిక తడిపే స్ప్రింక్లర్‌ను కారు కింద పెట్టి ఒక్కో చోట పావుగంట సేపు వదిలితే చాలు. మొదటి పావుగంటలో పారే నీరు ఎర్రమట్టి రంగులో ఉంటుంది, రెండో పావుగంటకు తేటపడుతుంది. నేను ఏటా ఆ నీటి రంగు చూసే ఆపుతాను.

ఇదంతా పాత కార్ల కథేనని, కొత్తవాటికి ఈ బాధ లేదని కొందరు అనవచ్చు. కొంత నిజం ఉంది. ఇప్పటి కార్ల రేకులకు జింకు పూత ఉంటుంది, ఆ జింకు ముందుగా తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు పైభాగమంతా అల్యూమినియమే. కానీ దాని చట్రం నేటికీ ఉక్కే, బోల్టులూ ఉక్కువే. ఉక్కు బోల్టు అల్యూమినియాన్ని తాకే చోట ఉప్పు నీరు చేరితే ఈసారి తినబడేది అల్యూమినియం. విద్యుత్ కార్లకు సైలెన్సరు లేదు గాని స్ప్రింగులూ సబ్‌ఫ్రేములూ బ్రేకు పైపులూ ఉన్నాయి. పైగా మన విద్యార్థులు కొనేవి నాలుగైదు వేల డాలర్ల కార్లు, అంటే పది పన్నెండు చలికాలాలు చూసినవి. బ్రేకు పైపులు మార్పించవలసి వస్తే, నికెల్ కలిసిన రాగి పైపులు వేయమని అడిగి వేయించుకోవాలి. అవి ఉక్కులా తుప్పు పట్టవు, మెకానిక్‌కు వంచడమూ తేలిక, ధరలో తేడా స్వల్పం. అడగకపోతే చాలా షెడ్లలో మళ్లీ ఉక్కువే వేస్తారు. అమెరికా మోటారు వాహనదారుల సంఘమైన ఏఏఏ, మంచు కరిగించే లవణాల వల్ల పట్టిన తుప్పు మరమ్మతులకు ఈ దేశపు వాహనదారులు ఏటా 300 కోట్ల డాలర్లు ఖర్చు పెడుతున్నారని 2017లో లెక్క కట్టింది. అందులో మన పిల్లల పార్ట్‌టైం ఉద్యోగాల డబ్బూ ఉంటుంది, అక్కడి బ్యాంకుల్లో ఇల్లు తాకట్టు పెట్టి తల్లిదండ్రులు పంపిన డబ్బూ ఉంటుంది.

విశాఖ, కాకినాడ తీరాన ఉన్న పాఠకులు ఇది తమకు కొత్త సంగతి కాదని అనుకోవచ్చు. ఒక తేడా గమనించవలసి ఉంది. సముద్రపు గాలి ఉప్పును పలచగా, ఏడాది పొడవునా, కారు పైనా కిందా ఒకే తీరున చల్లుతుంది, అందువల్ల తుప్పు కంటికి కనిపించే చోటనే ముందుగా పడుతుంది. ఇక్కడ అది నాలుగైదు నెలలు చిక్కటి ద్రావణంగా, చక్రాల వేగానికి పిచికారీ కొట్టినట్టు కింది నుంచి మాత్రమే పడుతుంది. అందుకే అక్కడ పెరిగిన పిల్లవాడు కూడా, పైన మెరుస్తున్న కారును చూసి ఇక్కడ మోసపోతున్నాడు. 

వచ్చే ఏడాది మీరు ప్రచురించబోయే జాగ్రత్తలలో చలి రాష్ట్రాలకు వెళ్లేవారి కోసం ప్రత్యేకంగా నాలుగు వాక్యాలు చేర్చవలసిందిగా కోరుతున్నాను. కారు పగటిపూట చూడాలని, కింద చూడాలని, తెలియకపోతే లిఫ్టు మీద చూపించాలని, చలికాలానికి ముందు నూనె కొట్టించి చలికాలంలో అడుగు కడగాలని ఉంటే చాలును. మైళ్ల లెక్క కన్నా ముందు వరసలో అవి ఉంటే మరీ మంచిది.

మా ఊరి గుడిలో నన్ను ‘కారు కింద మావయ్య’ అని పిల్లలు వెనుక నుంచి పిలుచుకుంటారని తెలుసు. నాకేమీ అభ్యంతరం లేదు. నా కారు డిక్కీలో ఒక పాత దుప్పటి, టార్చి, అయస్కాంతం, చీపురు పుల్ల ఎప్పుడూ ఉంటాయి. ఈ శనివారం ఉదయం పది గంటలకు టెక్కలి నుంచి వచ్చిన ఒక అబ్బాయి పన్నెండేళ్ల కారు ఒకటి చూడడానికి నన్ను తోడు రమ్మన్నాడు. అడుగంతా కొత్తగా నల్లరంగు వేసి ఉందని, చాలా శుభ్రంగా ఉందని ఫోనులో సంతోషంగా చెప్పాడు. దుప్పటితో పాటు ఈసారి ఒక స్క్రూడ్రైవర్ కూడా పట్టుకెళుతున్నాను.

ఇట్లు,
నౌపడ నుంచి వచ్చి స్థిరపడిన మీ పాఠకుడు,
డెట్రాయిట్ శివారు, మిషిగన్.